తువ్వాలు కప్పిన కొండ

"సార్, పెంచలకోన కొండను ఎక్కడ నిలబడి తీస్తే బాగా వస్తుంది? లొకేషన్ పెట్టండి" అని ఫోన్లో మెసేజ్ పెడతారు మీరు. నమస్కారం ఉండదు, ఎలా ఉన్నారని ఉండదు. లొకేషన్ కావాలి, అంతే, దోసె పార్సిలు అడిగినట్టు. సరేలెండి, నా పిల్లల ఈడు వాళ్ళు, మీ మీద కోపమేంటి? తెలిసిన చోట్లన్నీ చెప్తాను. ఒక్కటి మాత్రం చెప్పను. అది ఎందుకు చెప్పనో చెప్పడానికే ఇంత రాత.

రిటైరయ్యేదాకా నేను నెల్లూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఫోటోగ్రాఫర్ని. పెళ్ళిపత్రికలు, ఎన్నికల పోస్టర్లు, రొయ్యల మేత కంపెనీల గోడబొమ్మలు, ఏదొస్తే అది తీశాను. మా ప్రెస్సుకు పేరు తెచ్చింది మాత్రం కేలండర్లు. జిల్లాలో ఏ కిరాణా కొట్లో గోడకు మేకు దిగినా దానికి వేలాడేది మన కేలండరేనని మా ఓనరు మీసం తిప్పేవాడు. ఏటా అందులో ఒక బొమ్మ పెంచలకోన కొండది. నరసింహస్వామి కొండ కదా, అది లేకపోతే జనం పేజీలన్నీ తిరగేసి "కొండేదీ?" అని అడుగుతారు.

నేను రిటైరవబోయే ముందు ఏడు ఓనరు నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, ప్రతి ఏడూ అదే గోపురం, దాని వెనక అదే కొండ. జనం కళ్ళు మూసుకొని గీసేస్తారు. ఎవురూ చూడని చోటి నుంచి తియ్యి. లేదంటే పోయినేటి బొమ్మే అచ్చేస్తా, నీ పేరు చెప్పి."

మా ఇద్దరికీ ఎప్పుడూ ఇదే వరస. ఆయన అరుస్తాడు, నేను ఇంకా గట్టిగా అరుస్తాను, తర్వాత ఇద్దరం టీ తాగుతాం.

అలా మొదలైంది కొండ చుట్టూ తిరగడం. నాకు తోడు ప్రెస్సు జీపు డ్రైవరు. వెంకటాచలం ఊరి మనిషి, నలభై దాటినవాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు, మిగతా వారమంతా నా చెవిలో మోగేది. ఇక్కడ మీకు కావలసినవి రాసుకోండి. రాపూరు దాటాక రోడ్డు ఒకచోట ఎత్తెక్కి వంపు తిరుగుతుంది, అక్కడ కొండ ఒక్కసారిగా ఎదురొస్తుంది. గాలి లేని పొద్దున కండలేరు కట్ట మీద నిలబడితే నీళ్ళలో రెండో కొండ దొరుకుతుంది. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో వంగి చూస్తే పచ్చటి కొమ్మల సందున నీలంగా కనపడుతుంది. ఎక్కడికైనా సరే, వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పోండి. కొండ మనకు పడమర, పొద్దుటి వెలుగే దాని ముఖాన పడేది. సాయంత్రం పోతే నల్లటి మొద్దు తప్ప ఏమీ రాదు.

అన్నీ తీశాను. అన్నీ బాగున్నాయి, ఏదీ కొత్తగా లేదు. మా డ్రైవరు విసిగిపోయి, "అన్నా, ఈ కొండ చుట్టూ తిరిగినన్ని సార్లు చర్చి చుట్టూ తిరిగుంటే నన్ను పాస్టరును చేసుందురు" అన్నాడు.

ఒకరోజు వాడు చేపలు కొనాలని జీపును సముద్రం వైపు తిప్పాడు. వాడి అత్తగారి ఊరు ఆ పక్కనే. ఊరికి ఆనుకుని బెస్తల పాళెం, పాళెం పేరు చెప్పను. ఇసుకలో బోర్లించిన పడవ నీడన ఒక ముసలాయన వల బాగుచేస్తున్నాడు. కళ్ళు వల మీద లేవు, ఎటో ఉన్నాయి. వేళ్ళే వల కన్నాలను వెతుక్కుంటున్నాయి. వాడు చేపల బేరంలో ఉంటే నేను ఊరికే ఉండలేక ఆయన దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"కొండ బొమ్మ కోసం కొండ దగ్గరికి పోయినావా?" అన్నాడు ఆయన. "ఆడికి పోతే ఏం కనపడతాదయ్యా, బండలు. కొండను చూడాలంటే సముద్రంలోకి పోవాల."

నేను నవ్వాను. చుట్టూ చూస్తే సర్వి చెట్ల తోపులు, వాటి మీద బూడిదరంగు ఆకాశం. కొండ ఎక్కడో డెబ్భై కిలోమీటర్ల అవతల.

"నవ్వబాక," అన్నాడు. "ఒడ్డు మీద చెట్లడ్డం. లోపలికి పోయేకొద్దీ పైకి లేస్తాది. చిన్నప్పట్నుంచి దాన్ని చూసుకునే యాట చేసినా. ఇంతవరకూ ఆ కొండ దగ్గరికి పోలా. పోవాలనీ అనిపించలా. నా కొండ నాకు నీళ్ళ మీదనే."

ఆయన కొండను ఎందుకు చూసేవాడో కాస్త చెప్పాలి. సముద్రంలో చేపలుండే చోటికి బోర్డు ఉండదు. ఒడ్డున ఒక చెట్టో గోపురమో చూసుకుంటారు, దాని వెనక కొండను చూసుకుంటారు. రెండూ ఒకే వరసలోకి వస్తే సరైన గీత మీద ఉన్నట్టు. ఆ గీత మీద ఇంకా లోపలికి పోతే కొండ పాదాల వైపు నుంచి మెల్లగా నీళ్ళలోకి దిగిపోతుంది. ఎంత మునిగిందో చూసి ఎంత దూరం వచ్చారో చెప్తారు. దీన్ని వాళ్ళు గుర్తు అంటారు. ఇప్పుడు అందరి దగ్గరా దారి చూపే యంత్రాలున్నాయి. కానీ నీళ్ళ అడుగున రాళ్ళున్న చోటొకటి, చేపలు మంద కట్టే చోటు, ఈ ముసలాయనకు తప్ప ఆ పాళెంలో ఎవరికీ తెలియదు. ఆయన తండ్రి చెప్పిన గుర్తు అది.

"ఒకసారి నన్ను తీసుకుపోతావా పెద్దన్నా?" అన్నాను.

ఆయన వల కింద పెట్టాడు. "నువ్వే నన్ను తీసుకుపోవాల. నీటికాసులంట, పోయిన చూపు రాదన్నారు డాక్టర్లు. దగ్గర పెట్టుకుంటే కొంచెం కొంచెం కనపడతాది, దూరమంతా తెల్ల మంచు. పోయినేడు నీళ్ళలో పడినా. అప్పట్నుంచి నా కొడుకు నన్ను పడవెక్కనియ్యడు. నాకా కొండను ఒకసారి దాని చోట్లో చూడాలని ఉండాది. నీ బొమ్మ పెద్దది చేసిస్తావా, మొహానికి ఆనించుకొని చూసేటట్టు?"

ఇస్తానన్నాను. ఆ మాటతో నేను ఇరుక్కున్నానని అప్పుడు తెలియదు.

వాయుగుండం తీరం దాటిపోయి ఆకాశం కడిగినట్టయిన రోజు చూసుకున్నాం. ఆయన కొడుకు గూడూరులో చుట్టాల పెళ్ళికి పోయాడు. తెల్లవారుతుండగా మా ముగ్గురి పడవను పాళెం వాళ్ళు నవ్వుతూ నీళ్ళలోకి నెట్టారు. ఎక్కే ముందు ముసలాయన మా ఫోన్లు జీపులో పెట్టించాడు. "ఆ పెట్టెలు మనం యాడికి పోయిందీ రాసి పెట్టుకుంటాయంట గదా," అన్నాడు. ఒడ్డున అందరూ చూస్తుండగా పడవను ఉత్తరానికి పోనిచ్చి, పాళెం కనుమరుగయ్యాక తూర్పుకు తిప్పాడు. చూపు లేని మనిషి చుక్కాని పట్టుకున్నాడు. మా డ్రైవరు మాత్రం మొదటి అల దాటగానే పడవ అడుగున బోర్లా పడిపోయి తనకు తెలిసిన ప్రార్థనలన్నీ చేయడం మొదలుపెట్టాడు.

సూర్యుడు మా ఎదురుగా లేచాడు. ఒడ్డు సన్నటి ఆకుపచ్చ గీతైంది. నేను తల తిప్పి చూశాను.

కొండ. ఎక్కడ నుంచి వచ్చిందో, ఎప్పుడు లేచిందో! చెట్లకు పైన, నేలకు సంబంధం లేనట్టు, లేత గులాబీ రంగులో నిలబడి ఉంది. ఎన్నో ఏళ్ళుగా తీస్తున్న కొండను ఆ పొద్దున మొదటిసారి చూసినట్టయింది.

"కనపడినాదా?" అన్నాడు ముసలాయన.

"కనపడింది పెద్దన్నా."

"ఎట్లుండాదో చెప్పు."

ఏం చెప్పను? బతుకంతా చూపించడమే తప్ప చెప్పడం నేర్చుకోలేదు నేను. తడబడుతూ చెప్పాను. పెద్ద శిఖరం మీద ఎండ పడిందనీ, దానికి దక్షిణాన భుజంలాంటిది ఒకటుందనీ, కింద సన్నటి మంచు కట్టిందనీ. ఆయన నోరు కొద్దిగా తెరిచి, ముఖం పడమటికి పెట్టి విన్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. గాలికేమో అనుకున్నాను, కాదు.

"ఒడ్డు మీద తెల్ల చర్చి ఉండాదా? శిలువ?"

"ఉంది. కొండకు కుడి పక్కన."

"చెయ్యి చాపి చూడు. మధ్యలో ఎన్ని వేళ్ళు పడతాయి?"

"మూడు."

పడవను తిప్పాడు. రెండు వేళ్ళయింది. ఒక్క వేలయింది. శిలువ పోయి సరిగ్గా పెద్ద శిఖరం నడుమ కూర్చుంది. అప్పుడు నేరుగా లోపలికి పోనిచ్చాడు. "భుజం మునిగేటప్పుడు చెప్పు," అన్నాడు. కొండ మెల్లగా దిగుతూ వచ్చింది. భుజం చెట్ల గీతకు తగిలిన క్షణాన నేను "ఆపు" అని అరిచాను.

ఆయన ఇంజను ఆపి, సీసపు గుండు కట్టిన తాడు వదిలాడు. తాడు పోయి పోయి టక్కున ఆగింది. దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకొని కాసేపు అలాగే ఉన్నాడు. "ఉండావా," అన్నాడు నీళ్ళలోకి, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు.

ఇక నా పని. పడవ ఊగుతుంటే పొడుగు లెన్సు ఒక్కచోట నిలవదు. స్టాండు పనికిరాదు, అది కూడా ఊగుతుంది. చివరికి బోర్లా పడుకున్న మా డ్రైవరు వీపు మీద లెన్సు ఆనించి, "ఊపిరి బిగబట్టు" అన్నాను. "పోయే ఊపిరిని ఇంకేం బిగబట్టేది అన్నా," అని మూలిగాడు పాపం. తీసినవాటిలో చాలా చెడిపోయాయి. ఒకటి నిలిచింది. ముందర నీళ్ళు, ఒడ్డున శిలువ, దాని వెనక స్వామి కొండ. బటన్ నొక్కినప్పుడే తెలిసింది, నా ఉద్యోగంలో ఇంతకంటే మంచి ఫోటో నేను తీయలేదు, తీయబోను.

ఈలోపు ముసలాయన గాలానికి ఒక వంజరం పడింది, చెయ్యంత పొడుగు. తిరిగి వస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యా, ఈ చర్చి మాటా ఈ భుజం మాటా నీ నోట్లోనే ఉండాల. కేలండరుకు కొండ మటుకు వేసుకో. చర్చితో ఉండేది నా ఒక్కడికే ఇయ్యి." మాటిచ్చాను.

ఒడ్డున కొడుకు నిలబడి ఉన్నాడు. పెళ్ళి నుంచి పొద్దున్నే వచ్చేసి, విషయం తెలిసి, పడవలో తండ్రి కనబడేదాకా నిలుచున్న చోటు నుంచి కదల్లేదట.

"నీకేమన్నా పిచ్చి పట్టినాదా నాయనా? మళ్ళీ పడితే? నీళ్ళలో యాడని ఎతికేది నిన్ను?" అని అరిచి, నా వైపు తిరిగి, "సారూ, చదువుకున్నోళ్ళు గదా మీరు!" అన్నాడు. అరుస్తూనే తండ్రిని రెండు చేతులతో ఎత్తి ఇసుకలో దించాడు. అప్పుడు వంజరాన్ని చూశాడు. అంత చేప ఆ రాళ్ళ మీద తప్ప దొరకదని తెలిసినవాడు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

మేము జీపు దగ్గరికి పోతుంటే వెనకే వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు. "సార్, మీరు ఆడికి పోయినారు గదా. గుర్తేంది?"

"మీ నాయన్ని అడగచ్చు కదయ్యా!"

"అడగలేను సార్. మాలో ఒక పద్ధతుండాది. నాయన గుర్తు చెప్పినాడంటే, ఇంక నేను సముద్రంలో దిగను అని చెప్పినట్టే. నేను అడిగితే, నువ్వు ముసిలోడివై పోయినావు, నీ పని అయిపోయినాది అని మొహం మీద అన్నట్టు." రెండడుగులు వెనక్కి వేసి, "వద్దులే సార్, మీరూ చెప్పబాకండి. అడిగినానని ఆయనకు చెప్పబాకండి," అని వెళ్ళిపోయాడు.

మా డ్రైవరు జీపు పక్కనే నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు.

మర్నాడు ప్రెస్సులో కంప్యూటర్లో ఫోటో తెరిచాను. వెనక నుంచి మా డ్రైవరు కేక వేశాడు. పడవలో వీడు తలెత్తి చూసిందేమీ లేదు కదా! "అన్నా! మా చర్చి! నా పెళ్ళయిన చర్చి!" ఆ కేకకు ప్రెస్సంతా వచ్చింది. ఓనరూ వచ్చాడు. చూశాడు. చేతులు జోడించాడు.

"కొండ మీద మా సామి, ఒడ్డున మీ ఏసయ్య, ఇద్దరి కాళ్ళకూ ఒకే నీళ్ళు. ఇంతకంటే ఏం గావాలయ్యా? మొదటి పేజీ ఇదే."

"ఇది కుదరదు. చర్చి కోసేసి కొండ మాత్రం వేద్దాం," అన్నాను.

"చర్చి లేకపోతే ఏముందందులో? నీళ్ళ మీద నీలం ముద్ద."

ఆయన అన్నది నిజమే, అదే నా బాధ. అరిచాను, ఆయనా అరిచాడు. ఫోటో తీసినవాడికి జీతమిచ్చింది ఎవరన్నాడు. జీతం నా చేతికిచ్చావు, ఇచ్చిన మాటకు కాదు అన్నాను. టీ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు. మా పరిచయంలో అలా ఎప్పుడూ జరగలేదు.

మా డ్రైవరే మధ్యలోకి వచ్చాడు. సంగతి అప్పటికి వాడికి అర్థమైంది. "సార్, మా మామోళ్ళ పక్క పాళెంలో ప్రతి ఇంట్లో మన కేలండరే. ఈ బొమ్మను మీరు చూస్తే కొండ, చర్చి. వాళ్ళు చూస్తే దారి. పండగెళ్ళేలోగా ఆ రాళ్ళ మీద పడవలన్నీ చేరతాయి. ఆ ముసలాయన కొడుక్కే ఇంకా చెప్పలా సార్."

ఓనరు కోపంగానే ఉన్నాడు. అప్పుడు నాకొక మాట తోచింది. ఆయనది లోపలి పల్లెలో వ్యవసాయ కుటుంబం, ఎద్దులకు పేరు.

"మీ నాయన సంతలో ఎద్దుల బేరం ఎట్లా చేసేవాడు?" అన్నాను.

"ఎట్లా చేస్తారు, తువ్వాలు కింద చేతులు పెట్టి, ధర పక్కోడికి తెలీకుండా వేళ్ళు పట్టుకొని."

"ఆ తువ్వాలు లాగేసి, లోపల వేళ్ళు ఫోటో తీసి కేలండర్లో వేస్తే మీ నాయన ఊరుకునేవాడా?"

ఓనరు చాలాసేపు బొమ్మ వైపు చూశాడు. "మా నాయన నిన్ను చెప్పుతో కొట్టేవాడు," అన్నాడు. తర్వాత మెల్లగా, "కండలేరు బొమ్మ వెయ్యి. మళ్ళీ టీ చెప్పు," అన్నాడు. ఆ సంవత్సరం కేలండర్లో వచ్చింది కండలేరు కొండ. బాగుందనే అన్నారు అందరూ. దాన్ని చూసినప్పుడల్లా నాకు లోపల చురుక్కుమనేది.

చర్చి ఉన్న ఫోటో మాత్రం ఒక్కటే తీయించాను, తలుపులో సగమంత. ఫ్రేము కట్టించి ముసలాయన ఇంటికి తీసుకుపోయి ఇచ్చాను. కొడుకు సముద్రం మీద ఉన్నాడు. ముసలాయన దాన్ని మంచం మీద పెట్టుకొని, ముక్కు అద్దానికి ఆనించి, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం చూశాడు. నీళ్ళు చూశాడు. శిలువ దగ్గర ఆగాడు. మునుగుతున్న భుజం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు. "సరిగ్గా చెప్పినావయ్యా. సరిగ్గా ఆడనే ఆపించినావు," అన్నాడు. నా జీవితంలో అంతకంటే పెద్ద మెప్పు పొందలేదు నేను.

గోడకు తగిలించాక, భుజం మీద తువ్వాలు తీసి ఫ్రేము మీద కప్పాడు. "వచ్చినోళ్ళంతా చదివేస్తారు దీన్ని. నాకు చూడాలనిపించినప్పుడు తీసి చూసుకుంటాలే."

"నీ కొడుకు తీసి చూస్తే?"

"వాడు తియ్యడు," అన్నాడు. గర్వంగా అన్నాడో దిగులుగా అన్నాడో నాకు తెలియలేదు. రెండూ ఉన్నాయేమో.

మా డ్రైవరు చేపలకు పోయినప్పుడల్లా కబురు తెచ్చేవాడు. తువ్వాలు అలాగే ఉందన్నా. కొడుకు దాని కిందనే కూర్చొని అన్నం తింటాడన్నా, తల కూడా ఎత్తడన్నా. వినేకొద్దీ నాకే ఒళ్ళు మండేది. చెప్పేస్తే పోదా ముసలాయన, అడిగేస్తే పోదా వాడు! ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ ఉంటే ఇదే తంటా.

రిటైరైన తర్వాత, కొత్త కేలండరు ఇచ్చే వంకతో మళ్ళీ పోయాను. ముసలాయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. చూపు ఇంకా తగ్గింది, నా గొంతును బట్టి గుర్తుపట్టాడు. ఇంట్లో వేయించిన వంజరం వాసన. గోడ వైపు చూశాను. తువ్వాలు లేదు. కొండ, చర్చి, నీళ్ళు, గుమ్మంలో నుంచి పడిన వెలుగులో అంతా బట్టబయలుగా ఉన్నాయి.

"ఏంది పెద్దన్నా, తువ్వాలేదీ?"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "మాసిపోయినాదయ్యా. ఉతకనేసినా."

"ఎప్పుడు?"

"కోడలు ఎప్పుడో ఉతికిందిలే."

"కొడుకేడి?"

"వాడా? పొద్దున్నే పోయినాడు," అని, "ముందు ఉత్తరానికి, తర్వాత తూర్పుకు," అన్నాడు. అన్నప్పుడు ఆయన చెయ్యి మంచం పట్టె మీద, చుక్కాని పట్టుకున్నట్టు బిగుసుకొని, తర్వాత మెల్లగా వదిలింది.

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనపడదు కదా అని దాచుకోలేదు. కానీ ఆయనే చెయ్యి చాపి నా మోకాలు తట్టాడు. "అన్నం తినిపో," అన్నాడు.

తిన్నాను. బయటికొస్తే పెరట్లో దండెం మీద ఆ తువ్వాలు ఉంది. ఎండకు రంగు వెలిసి, ఉప్పుగాలికి బిరుసెక్కి, చాలా రోజులుగా ఎవరూ తీయనట్టుంది.